ఊరు విడుచుట: దివిసీమ ఉప్పెనయు, చెయ్యేటి వరదయు

కడపకు ఉత్తరమున, నల్లమలకు పడమటి ప్రక్క నున్న మైదుకూరు సముద్రమునకు సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటి కాపునకు తుపాను అను మాట భయమును మాత్రమే కలిగించునది కాదు. నైరృతి ఋతుపవనము మొగము చాటువేసిన యేట ఆశ్వయుజ కార్తికములయందు బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండమే వచ్చి చెరువు నింపవలెను. ముసురు పట్టిన రెండవనాడే కట్టమీదికి పోయి, నీరు తూము దాటినదా, మరవ పాఱునా యని చూచివచ్చుట యాసీమలో నలవాటు. కల్లములోని ధాన్యము తడియునని, ఉల్లిమడి కుళ్లునని దిగులు లేకపోలేదు. కాని యాదిగులుకంటె చెరువు నిండినదను సంతోషమే పెద్దది. అదే వాయుగుండము అదే దినమున కృష్ణాముఖద్వారముకడ నున్న పల్లెలకు ప్రాణాంతకమై యుండవచ్చును. మెట్టసీమవాడు రమ్మని కోరుకొను గాలికే తీరవాసి యిల్లు విడిచి పోవలసియుండును. ఈభేదము 2021వ సంవత్సరమువఱకు కడప మండలమున నెవరికిని సందేహింపదగినదిగా తోచలేదు.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేది శనివారమునాడు దివిసీమపై ఉప్పెన పడెను. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేది కార్తికపౌర్ణమినాడు తెల్లవాఱుజామున అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతమున చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పల్లెలు కొట్టుకొనిపోయెను. నడుమ 44 సంవత్సరములు. తేదులు కలియుట కేవలము కాకతాళీయము. దానియందు విశేషార్థమును వెదకుట జ్యోతిష్కుల పని. కాని రెండుచోటులను ప్రమాదము గడచినపిదప వెలుపలివారు వేసిన ప్రశ్న యొక్కటే: వచ్చుచున్నదని తెలిసియు వారేల పోలేదు? ఈప్రశ్నలో నొక నింద యిమిడియున్నది. మూర్ఖతయో, సోమరితనమో, దైవముపై భారము వేయుటయో కారణమని దాని భావము. జరిగిన సంగతులను వరుసగ పరిశీలించినచో ఆనింద నిలువదు.

ముందుగ మాటలను చూడవలెను. తీరాంధ్రమున గాలివాన, తుపాను, ఉప్పెన యను మూడు పదములు వాడుకలో నున్నవి. గాలివాన దేశ్యము, ఎల్లరెఱిగినది. తుపాను అరబ్బీపారసీకముల దారిని హిందూస్థానీలోనుండి వచ్చినది. ఉప్పెన మాత్రము గాలియు కాదు, వానయు కాదు. సముద్రము పొంగి భూమిమీదికి వచ్చుట. తుపానులన్నిటికిని ఉప్పెన యుండదు. వచ్చినపుడు మాత్రము చంపునది ముఖ్యముగ నదియే. ఈభేదమును భాష యుంచుకొన్నది కాని, మనుష్యుల యనుభవము దానిని తఱచుగ నుంచుకొనజాలదు. ఏలన, ఒక తీరపు పల్లెలో గాలివాన పదియేండ్లకొకమాఱైనను వచ్చును. పెద్ద ఉప్పెన నూఱేండ్లకొకమాఱు రావచ్చును, రాకపోవచ్చును.

ఆంగ్లమున సైక్లోను అను పదము పుట్టుటకును తెలుగుతీరమునకును సంబంధము కలదు. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టను తుపానుల గతిని పరిశోధించుచు, పాము చుట్ట యను నర్థము గల గ్రీకు పదమునుండి యీపేరును కల్పించి, 1848లో వెలువడిన తన నావికగ్రంథమున ప్రచారముచేసెను. ఆతడు పరిశీలించిన తుపానులలో 1789 డిసెంబరునందు కోరంగిని ముంచిన దొకటి. నాడు మూడు తరంగములు ఒకదానివెంట నొకటి వచ్చి, ఓడలను మెట్టపైకి విసరి, సుమారు 20,000 మందిని పొట్టనపెట్టుకొనెనని చెప్పుదురు. అదే కోరంగి 1839 నవంబరునందు మఱల మునిగెను. ఈరెండవదానియందు మూడులక్షలమంది మరణించిరని గ్రంథమునుండి గ్రంథమునకు ఎక్కుచు వచ్చిన లెక్కను మాత్రము సందేహించుట న్యాయము. గోదావరి పాయయొడ్డున నున్న యొక రేవుపట్టణమును, దాని చుట్టుపట్ల లంకలును ఆకాలమున నంతజనమును మోసియుండునా యని ప్రశ్నించుకొనక యాసంఖ్యను తిరిగి వ్రాయుట చరిత్రకారులకు తగదు.

బందరు సంగతి యింతకంటె స్పష్టముగ తెలియుచున్నది. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేది రాత్రి మచిలీపట్టణముపై తుపాను వీచెను. సముద్రము సామాన్యమైన పోటు మట్టముకంటె 13 అడుగులు పైకి లేచి, పల్లపునేలల వెంబడి కొన్నిచోటుల 17 మైళ్లవఱకు లోనికి చొచ్చెను. సుమారు 780 చదరపుమైళ్ల నేల మునిగెను. 30,000 మంది మరణించిరి. 1883లో గార్డను మెకంజీ కూర్చిన కృష్ణా జిల్లా మాన్యువలునందు ఈవృత్తాంతము విపులముగ నున్నది. చీకటిరాత్రి, ఈదురుగాలి, ఇండ్లు కూలుచున్న సమయము; అట్టివేళ సముద్రము వచ్చినది. పోవలెనా, ఉండవలెనా యను విచారమునకే తావు లేకుండెను. నాటి బందరువాసిని ఏల పోలేదని యడుగువాడు లేడు. వానికి చెప్పువాడే లేడుగదా.

అదే యేడు అక్టోబరు 5వ తేదిని కలకత్తాను మఱియొక తుపాను పాడుచేసియుండెను. ఒక మాసము లోపల జరిగిన యీరెండును దొరతనమువారిని కదల్చినవి. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల యేర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణశాఖ స్థాపితమయ్యెను. కాని యీహెచ్చరికలు ఎవరికొఱకు పుట్టినవో గమనింపవలెను. అవి ఓడలకొఱకు పుట్టినవి. రేవులోని స్తంభముమీద పగలు గోళములును శంకువులును, రాత్రి దీపములును కట్టి, లంగరు తీసి నడిసముద్రమునకు పొండనియో, రేవు విడువవలదనియో నావికునకు తెల్పుట వాని ప్రయోజనము. నేటికిని పత్రికలలో మూడవ నంబరు ప్రమాదసూచిక, పదవ నంబరు ప్రమాదసూచిక యని చదువుచున్నది యాసంప్రదాయపు శేషమే. నావికునకు దానివలన చేయవలసినపని తెలియును. రేవునకు ఇరువది మైళ్ల దూరమున తాటాకుపాకలో నున్న రైతుకూలికి పదవ నంబరనిన నేమి తెలియును? సూచిక పెద్దది, అపాయము పెద్దది, అంతవఱకే. గాలి వచ్చునో, నీరు వచ్చునో, ఎంతదూరము పోవలెనో ఆసంఖ్య చెప్పదు. నూఱేండ్లపాటు తీరాంధ్రజనులకు చేరిన హెచ్చరిక యీరీతిదే.

ఇక దివిసీమ. కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలై, ఆపాయల నడుమను సముద్రమునకు చేర్చి చేసిన దీవి యిది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు దీనియందలి ప్రధానగ్రామములు. హంసలదీవి నదీసాగరసంగమమున పుణ్యక్షేత్రము. భూమి చదునైనది, పల్లపుది. ఎత్తైన స్థలమనిన కాలువగట్టు, లేదా చెరువుగట్టు. కొండ కాదుగదా, గుట్టయైనను కంటికి కానరాదు. దీవిని దాటి పోవుటకు పులిగడ్డ అక్విడక్టుమీది దారి ముఖ్యము. మైదుకూరువానిని ఎత్తునకు పొమ్మనిన తలయెత్తి చూచి కొండను చూపగలడు. దివివానికి ఎత్తు అనునది మఱియొక తాలూకాలో నుండును.

1977 నవంబరు నడుమ అండమాను ప్రాంతమున పుట్టిన యాతుపాను మొదట పడమటిగ నడచుచు తమిళదేశము, దక్షిణాంధ్రతీరముల వంకకు మొగము పెట్టెను. దానికి వారము దినములముందే, నవంబరు 12వ తేదిని, వేఱొక తుపాను నాగపట్టణముకడ తీరము దాటియుండెను. కావున దక్షిణమునకు మఱియొకటి పోవుచున్నదని దివివారు తలచుట సహజము. పిదప నిది ఉత్తరమునకు మలగి 19వ తేదిని చీరాలప్రాంతమున తీరము దాటెను. చీరాల దివికి నైరృతిదిశ నున్నది. అంటే తుపాను నడిబొడ్డు దివిమీద పడనేలేదు.

ఇచ్చట నొక శాస్త్రవిషయమును విడమఱచి చెప్పవలసియున్నది. చావునకు కారణము దానియందే యున్నది. ఉత్తరార్ధగోళమున తుపానుగాలి గడియారపుముల్లునకు ఎదురుదిశగా తిరుగును. తూర్పునుండి వచ్చి మన తీరము దాటునపుడు, దాటినచోటికి ఎడమప్రక్క, అనగా దక్షిణమున, గాలి నేలనుండి సముద్రమునకు వీచును. అచ్చట సముద్రము వెనుకకు తగ్గుటయు కలదు. కుడిప్రక్క, అనగా ఉత్తరమున, గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. దానికితోడు లోతు తక్కువయైన తీరమైనచో, త్రోయబడిన నీటికి దిగిపోవు దారి లేక గోడవలె పైకెగయును. కృష్ణాముఖమున సముద్రము మిక్కిలి లోతులేనిది. కాబట్టి తుపాను ఒంగోలుచీరాలలవైపు పోవుచున్నదను వార్త విని, మనకు తప్పినదని ఊపిరి పీల్చినవాడే వాస్తవమున మిక్కిలి కీడైన స్థానమున నుండెను. ఈవిషయము వాతావరణశాస్త్రజ్ఞులకు తెలియును. పల్లెలకు చేరిన మాటలో అది లేదు. రేడియో గాలిని గూర్చియు, భారీవర్షమును గూర్చియు చెప్పినది. సముద్రము పది పండ్రెండు కిలోమీటర్లు లోనికి వచ్చి యింటికప్పు దాటునను రూపమున, చేయవలసినది తెలియునట్లు, ఆమాట వారిని చేరలేదు.

మఱియు సముద్రపుటొడ్డువారికి సముద్రమును కొలుచుటకు తమదైన కొలత కలదు. అది చంద్రుడు. అమావాస్యాపౌర్ణములకు పోటు హెచ్చు, అష్టమీనవములకు తగ్గు. జాలరి తన పడవను ఈలెక్కకే నడుపును. 1977 నవంబరు 19వ తేది కార్తికశుద్ధ నవమి. పోటు మందముగ నుండు దినము. తాతలనాటినుండి తప్పని గణితము ఆనాడు సముద్రము నెమ్మదిగ నుండునని చెప్పుచుండెను. దానిని నమ్మినవానిని అజ్ఞాని యనుటకు వీలులేదు.

అనుభవము మాటయు నట్టిదే. 1949లో మచిలీపట్టణప్రాంతమున పెద్ద తుపాను వచ్చెను. 1969లో మే నెలలో నొకటియు, నవంబరులో నొకటియు ఆంధ్రతీరమును బాధించెను. దివిసీమలో నడివయసు దాటినవారందఱు గాలివానలను చూచినవారే. పాకకప్పునకు త్రాళ్లు బిగించుట, పశువులను విప్పివిడుచుట, బలమైన పెంకుటింటనో, బడిలోనో, గుడిలోనో తలదాచుకొనుట వారెఱిగిన రక్షణోపాయములు. గాలికి ఇవి చాలును. కాని 1864 ఉప్పెనను కన్నులార చూచినవాడు 1977లో బ్రదికి యుండుట యసాధ్యము. నడుమ 113 సంవత్సరములు గడచెను. వారి జ్ఞాపకము వారికి నిజమే చెప్పినది, సగము మాత్రము చెప్పినది. చిన్నతుపానులను తప్పించుకొన్న యనుభవమే యింటిలోపల తలుపు వేసికొని కూర్చుండుట క్షేమమని వారికి బోధించెను.

దానికిమించి, ఊరు విడుచువాడు వేటిని విడువవలెనో చూడవలెను. అది సార్వా వరి పండి కోతకు సిద్ధమైన కాలము. ఏడాది కష్టము పొలములో నిలిచియున్నది. గొడ్డుగోద యున్నది. జాలరికి వలయు పడవయు అప్పుతో కొన్నవి. అవి పోయిన నప్పు మిగులును. దీవి దాటి పోయిన కూలివానికి ఎవరు కూడు పెట్టుదురు? ఎచ్చట పండుకొనును? ఆకాలమున తీరమునందు తుపాను రక్షణభవనములు లేవు. పొండని చెప్పవలసినవారు ఎచ్చటికి పోవలెనో చూపలేకున్నపుడు, పోలేదని వారిని తప్పుపట్టుట యెట్లు?

శనివారము మధ్యాహ్నమునకు గాలి మిక్కుటమయ్యెను. అటుపిమ్మట అయిదు మీటర్లకు మించిన యెత్తున సముద్రము వచ్చెను. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలగు పల్లెలు తుడిచిపెట్టుకొనిపోయెను. చనిపోయినవారు సర్కారు లెక్కకు సుమారు పదివేలమంది. అంతకు చాల హెచ్చని స్థానికులు చెప్పుదురు. లక్షలకొలది పశువులు చచ్చెను. శవములను దహింప కట్టెలు లేక, పూడ్చ పొడినేల లేక దినములు గడచెను. 1975లో ప్రపంచ తెలుగు మహాసభలను నడపిన మంత్రి మండలి వెంకటకృష్ణారావునకు ఈసీమయే సొంతసీమ. పునర్నిర్మాణమునకు ఆయన చేసిన కృషి ప్రసిద్ధము. పులిగడ్డకడ మృతుల స్మారకస్తూపము వెలసెను.

తరువాతి కథ శీఘ్రముగ చెప్పదగినది. 1979 మే 12వ తేదిని ఒంగోలునెల్లూరుల నడుమ తీరము దాటిన తుపానునకు ముందుగనే లక్షలజనమును తరలించిరి. సుమారు 700 మంది మరణించిరి. 1980ల నడుమ ఇన్సాటు ఉపగ్రహముద్వారా తీరపు కార్యాలయములలోని యంత్రములు సైరను మ్రోగించి, తెలుగులోనే హెచ్చరిక చెప్పునట్లు ఏర్పాటయ్యెను. 1990 మే 9వ తేదిని కృష్ణాముఖముననే మఱియొక మహాతుపాను దాటెను. ఈమాఱు ఆఱులక్షలకు పైగా జనము ముందుగ కదలిరి. చావులు వేయికి లోపల నిలిచెను. తీరము అదియే, తుపాను బలమును తక్కువది కాదు; తేడా యేమి? లారీలు వచ్చెను, తలదాచుకొన గట్టి మేడ లుండెను, అది నిశ్చయము. కాని పదుమూడేండ్లనాటి శవములను చూచినవారు ఇంటింట నుండిరనుటయు నిశ్చయము. పొమ్మనిన మాటకు వెనుక, ఉప్పెన యనగా నేమియో యెఱిగిన తల్లు లుండిరి. అధికారులు తమ నివేదికలలో మొదటిదానినే వ్రాసికొందురు. 1996 నవంబరు 6వ తేదిని కోనసీమను కూల్చిన తుపాను చిన్నది, వడిగలది. భైరవపాలెము మొదలగు పల్లెల జాలరులు అప్పటికే వేటకు పోయియుండిరి. వేయిమందికి పైగా చనిపోయిరి. నీటిమీద నున్నవానికి ఇల్లు విడుచు ప్రశ్నయే లేదు. 2013లో ఫైలిను, 2014లో హుద్‌హుద్ వచ్చునాటికి ముందుగ తరలించుట తీరమున వాడుకయైపోయెను.

ఇట్లు తీరము నేర్చుకొన్నది. మెట్టసీమ నేర్చుకొనవలసిన యవసరమున్నదని యెవరును తలపలేదు.

బాహుద, పింఛ యను రెండేఱులు కలసి చెయ్యేరగును. బాహుదయనిన చేతుల నిచ్చినది. శంఖలిఖితుల కథలో ఖండింపబడిన చేతులు ఈనదీస్నానముచే మఱల మొలిచెనని యచ్చటివారి నమ్మిక. చేయి, ఏఱు అను తెలుగుపేరు దాని ననుసరించినదే. నందలూరు సౌమ్యనాథాలయము దీనియొడ్డుననే యున్నది. ఏడాదిలో పెక్కుమాసములు ఇది యిసుకనది. నీరు వచ్చినదనిన ఊరివారు గట్టునకు పోయి చూతురు, పసుపుకుంకుమలు సమర్పింతురు. నీటికి ఎదురు పోవుటయే తప్ప నీటినుండి పాఱిపోవుట ఈజనులకు పరంపరగ రాలేదు.

2021 నవంబరు 19వ తేది వేకువను పుదుచ్చేరిమద్రాసుల నడుమ తీరము దాటినది తుపానైనను కాదు. పేరైనను పెట్టదగని వాయుగుండము. గాలిని బట్టి కొలుచువానికి అది యల్పము. కాని శేషాచలపు కొండలమీద అది కురిసిన వాన యసాధారణము. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట తెగెను. ఆనీరును, బాహుద నీరును కలసి అన్నమయ్య ప్రాజెక్టుమీద పడెను. దాని యైదు గేట్లలో నొకటి యప్పటికే పనిచేయని స్థితిలో నుండెను. నీరు కట్టమీదుగ పొరలి, మట్టికట్ట తెగిపోయెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేటలు క్షణములలో మునిగెను. పౌర్ణమిపూజకై పులపత్తూరు శివాలయమునకు వచ్చియుండినవారిలో కొందఱు ప్రవాహమునకు బలియైరి. నందలూరు దారిలో ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కెను. మొత్తముమీద ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

రాత్రియే హెచ్చరించితిమని అధికారులును, తమకు చేరలేదని పల్లెవారును వాదించుకొనిరి. ఆవివాదమును తీర్చుట యీవ్యాసమునకు విషయము కాదు. హెచ్చరిక చేరినదని యొప్పుకొన్నను, అది యేమి చెప్పియుండును? ఏటికి వరద వచ్చుచున్నదని. చెయ్యేటివరద వారికి తెలియనిది కాదు. గట్టు దిగువ పొలములను ముంచి పూటలో తీసిపోవును. కట్ట తెగుట వేఱు. అది నది చేయు పని కాదు. ఆయేటి చరిత్రలో దానికి పోలిక లేదు. దివివారికి గాలిని గూర్చి చెప్పగా సముద్రము వచ్చినట్లే, వీరికి ఏటిని గూర్చి చెప్పగా జలాశయము వచ్చెను. తాము చూచినదాని మేరకు ఇరువురును సరిగనే నిర్ణయించుకొనిరి. వచ్చినది వారు చూచినది కాదు.

వ్యత్యాసమొకటి కలదు. దివిసీమలో పోదలచినను ఎత్తైన చోటు లేకుండెను. చెయ్యేటిలోయలో కొండలు దగ్గఱనే యున్నవి. ఒక్క గంట ముందుగ, కట్ట తెగుచున్నది, మిట్టకెక్కుడని తెలుగున నాలుగు మాటలు చెప్పబడియున్నచో, లారీలతో గాని రక్షణభవనములతో గాని పనిలేకుండెను. వృద్ధులును, పసిబిడ్డలును సైతము నడచి పోగల దూరమది.

వరద తీసినపిదప ఆపల్లెల వరిపొలములలో ఇసుక మేటలు వేసెను. గట్టేదో మడియేదో తెలియకుండెను. అదే కార్తికమున, అదే వానలకు, కడప జిల్లాలో పెక్కు చెరువులు నిండి మరవ పాఱెను.